లైఫ్ జాకెట్ ఎంతవరకు కాపాడుతుంది?



మన రావిర్యాలలో చెరువు ఉంది. దగ్గర్లోనే హిమాయత్ సాగర్ ఉంది. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు ఉంది. అక్కడ కయాక్‌లు నడుపుతారు. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చునే సన్నని పడవ. రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో దాన్ని నడపాలి. ఒక పక్కకు ఒరిగితే బోర్లా పడుతుంది. మన పిల్లలు ఎక్కుతామని మారాం చేస్తారు. ఎక్కితే లైఫ్ జాకెట్ తొడుక్కోవాల్సిందే.

జాకెట్ ఎలా తేలుస్తుంది?

ఖాళీ బిందెను నీళ్లలో బోర్లించి అదిమి చూడండి. అది చేతిని పైకి తోస్తుంది. లోపల గాలి ఉండటమే కారణం. జాకెట్‌లో ఫోమ్ ఉంటుంది. దాని నిండా చిన్న చిన్న గాలి బుడగలే. మన ఒంటి బరువును చాలావరకు నీళ్లే మోస్తాయి. మిగిలిన నాలుగైదు కిలోలను జాకెట్ మోస్తే చాలు, తల నీళ్లపైన ఉంటుంది.

కచ్చులూరులో ఏం జరిగింది?

2019 సెప్టెంబర్ 15. గోదావరికి వరద వచ్చింది. పాపికొండలు చూడటానికి పోతున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మందే బతికారు. జాకెట్లతో తేలినవాళ్లను ఊరివాళ్లు పడవల్లో ఒడ్డుకు చేర్చారు. కొందరు అంతకుముందే జాకెట్లు విప్పేశారని బతికినవాళ్లు చెప్పారు. అక్టోబర్‌లో బోటును పైకి తీశారు. కొన్ని శవాలు అందులోనే దొరికాయి.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. పక్కన పెట్టిన జాకెట్ పనికిరాదు. బోటు లోపల చిక్కుకుంటే తొడుక్కున్నా బయటపడటం కష్టం.

ఎలా తొడుక్కోవాలి?

చీర మీద, పైట మీద తొడగాలి. కొంగు దోపుకోవాలి. బెల్టులన్నీ బిగించాలి. భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టే. పిల్లలకు వాళ్ల బరువుకు తగ్గది అడగండి. పెద్దవాళ్లది తొడిగితే పిల్లలు కిందికి జారిపోతారు. చిరిగింది, ఫోమ్ నలిగిపోయింది తీసుకోవద్దు.

జాకెట్ చేయలేని పనులు

జాకెట్ ఈత నేర్పదు. వరదకు ఎదురు పోలేదు. మత్తడి కింద నీళ్లు సుడి తిరుగుతాయి. ఆ సుడిలోంచి జాకెట్ బయటికి లాగలేదు. గుర్రపుడెక్కలో కాళ్లు చిక్కితే విడిపించలేదు. కయాక్ నడిపేవాళ్ల జాకెట్ చాలావరకు తెలివి తప్పిన మనిషి ముఖాన్ని పైకి తిప్పదు. అందుకే ఒంటరిగా పోవద్దు. మత్తడి దూకేటప్పుడు ఆ దిక్కు పోవద్దు. పడవ బోర్లా పడితే దాన్ని వదలొద్దు. అది తేలుతుంది, దూరం నుంచి కూడా కనబడుతుంది.

ఎవరైనా మునుగుతుంటే?

ఈత వచ్చినా వెంటనే దూకొద్దు. మునిగేవాళ్లు గట్టిగా పట్టుకుంటే ఇద్దరూ పోతారు. కేకేసి మనుషుల్ని పిలవండి. తాడు, పొడుగు కట్టె, చీర అందించండి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసరండి. 108కి ఫోన్ చేయించండి.

పడవవాడు "ఏం కాదమ్మా, జాకెట్ ఎందుకు?" అంటే దిగిపోండి. డబ్బులు పోయినా ఫర్వాలేదు.

చర్చించండి:
1. జాకెట్ తొడిగాక ఏం చూసుకోవాలి?
2. బతుకమ్మ వేసే రోజున చెరువు దగ్గర మనం ఏం సిద్ధంగా ఉంచుకోవాలి?