పసుపు గోదాములో ఆఫీసు

పసుపు గోదామును కట్టేది సరుకు కోసం, మనుషుల కోసం కాదు. వెలుతురు తగిలితే కొమ్ముల రంగు వెలిసిపోతుంది, ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ తగ్గుతుంది. చెమ్మ చేరితే బూజు పడుతుంది. అందుకే అక్కడ కిటికీలు తక్కువ, తలుపు మాత్రం లారీ ఆనేంత పెద్దది. అలాంటి చోట రోజంతా కూర్చుని బొమ్మలు గీయాలన్నా, వీడియోలు ఎడిట్ చేయాలన్నా ముందు గాలీ వెలుతురూ రావాలి.

ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్ వైపు పసుపును తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలతారు. ధర లేనప్పుడు నిల్వ పెడతారు. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఆర్మూర్‌లో పాత గోదామును కూల్చి కాంప్లెక్స్ కట్టడమే లాభమనిపిస్తుంది. కొచ్చి ఇంకో దారి పట్టింది. 1867లో మొదలైన ఆస్పిన్‌వాల్ కంపెనీ మిరియాలు, అల్లం, పసుపు అమ్మిన ప్రాంగణం 2012 డిసెంబరులో కొచ్చి-ముజిరిస్ బినాలే అనే కళా ప్రదర్శనకు ప్రధాన వేదికైంది. దగ్గర్లోని పెప్పర్ హౌస్‌లో రెండు పాత గోదాములు, వాటి మధ్య విశాలమైన ముంగిలి కళాకారుల స్టూడియోలకు, గ్రంథాలయానికి, కెఫేకు నెలవయ్యాయి.

మార్పు పైకప్పుతో మొదలవ్వాలి. నిజామాబాద్ జిల్లాలో వేసవి ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కింద ఉక్క ఇంకా ఎక్కువ. పాతవి సిమెంటు రేకులైతే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. కోసినా, పగలగొట్టినా లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. వాటిని తడిపి, విరగకుండా, తెలిసినవాళ్లతోనే దించాలి. వేడిని ఆపే పొర ఉన్న రేకులు వేయాలి. ఇక్కడ ఖర్చు తగ్గించుకోవడమంటే పనిచేసేవాళ్ల ప్రాణాలతో బేరమాడడమే.

పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టిన గోదాములూ ఉంటాయి. వాటి నుంచి వచ్చే వాయువు ప్రాణం తీస్తుంది. మూలల్లో మిగిలిన బిళ్లలు, పొడి తీయించాకే లోపల పని మొదలుపెట్టాలి. సగం బస్తాలకు, సగం ఆఫీసుకు అనే ఏర్పాటు ఈ కారణంగానే తగదు.

వెలుతురుకు ఉత్తరం గోడలో ఎత్తున కిటికీలు మేలు. ఎండ పెద్దగా పడదు. గోడ బరువు మోసేదైతే పైన లింటెల్ లేకుండా కన్నం పెట్టకూడదు. వేడి గాలి పోవడానికి కప్పు మీద వెంటిలేటర్లు కావాలి.

స్తంభాలు అడ్డురాని వెడల్పే గోదాముకున్న అసలు బలం. లోపల ఇటుక గోడలు కడితే అది పోతుంది. చక్రాల బల్లలు, జరిపే తెరలు, పైనుంచి దిగే కరెంటు తీగలు ఉంటే ఈరోజు పదిమంది కూర్చున్న చోట రేపు ఫొటో షూట్ పెట్టుకోవచ్చు. ప్రతిధ్వనిని మందపాటి తెరలు కొంత తగ్గిస్తాయి. రెండో ద్వారం, అగ్నిమాపక ఏర్పాట్లు, వాడకం మార్పుకు మున్సిపాలిటీ అనుమతి తప్పనిసరి.

జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పసుపును పేరు పెట్టి, పొట్లం కట్టి అమ్మాలంటే డిజైనర్లు, ఫొటోగ్రాఫర్లు కావాలి. వాళ్లందరూ హైదరాబాద్‌లోనే ఉండనక్కర్లేదు. పాత గోదాములున్న వ్యాపారులు వాటిని కూల్చే ముందు ఒకసారి స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి.