విశాఖ తీరమున ముసలి యోడ

మిడుతూరు వంటి మెట్టసీమ గ్రామములందలి సోదరీమణులు సముద్రయుద్ధము మనకేల యందురేమో! ఈ వృత్తాంతమున నొక తల్లి ప్రసక్తి గలదు గాన విన్నవించుచున్నాము.

1971వ సంవత్సరమున మన విక్రాంత్ అను విమానవాహక నౌకను ముంచుటకై పాకిస్తానువారి ఘాజీ యను జలాంతర్గామి బంగాళాఖాతమున ప్రవేశించెను. విక్రాంత్ అప్పటికే అండమాను దీవుల వైపు తరలింపబడెను. అది విశాఖలోనే యున్నదని శత్రువు నమ్మవలెను. అందులకై తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్‌గారు అంగడిలో కూరగాయలు, మాంసము విస్తారముగా కొనిపించిరి. ఒక నావికుడు తల్లి జబ్బునుగూర్చి విచారించుచున్నట్లు బాహాటముగా వార్త నంపించిరి. 1942 నాటి రాజ్‌పుత్ అను ముసలి డిస్ట్రాయరు విక్రాంత్ వలె నటించెను.

డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రమునకు కొంచెము ముందు, ఇందర్‌సింగ్‌గారి నాయకత్వమున రాజ్‌పుత్ రేవు విడిచెను. నీటిపై సుడి కన్పట్టగానే అందుండి జలాంతర్గాములను పగులగొట్టు రెండు బాంబులను నీట విడిచిరి. కొలది నిమిషములకు కలిగిన ప్రేలుడుకు తీరమందలి కిటికీలు అదరెను. ఘాజీ మునిగెను. దాని లోపలి ప్రేలుడే కారణమని పాకిస్తానువారు చెప్పుదురు.

అందలి తొంబదిమందికి పైబడిన నావికులలో నొక్కడును బ్రతుకలేదు. మనవారు కల్పించిన తల్లి జబ్బు విక్రాంత్‌ను కాచుటకు తోడ్పడెను; ఆ నావికుల తల్లులకు కలిగిన దుఃఖము మాత్రము కల్పితము గాదు. జయమును తలచునపుడు వారినిగూడ తలపవలెనని మా మనవి.