పెళ్ళి ఫోటో ఎవరిది?

"తీసినవాడిదే ఫోటో" అని నేను చాలా ఏళ్ళు గట్టిగా నమ్మాను. మన కాలేజీలో బి.కాం. ముగించి కెమెరా భుజాన వేసుకున్న నాకు, అది తప్పని మొదట చెప్పినాయన వకీలు కాదు, ఒక పెళ్ళికూతురి తండ్రి.

1996 నాటి సంగతి. తెర తీసిన క్షణాన, తలమీద జీలకర్ర బెల్లంతో ఆ అమ్మాయి కళ్ళెత్తబోతుండగా తీసిన ఫోటో బ్రహ్మాండంగా కుదిరింది. 20×24 సైజులో వేయించి స్టూడియో షోకేసులో పెట్టాను. నెల తిరక్కుండానే ఆయన వచ్చారు. "ఏమయ్యా, మా పిల్ల బొమ్మ బజార్లో పెట్టమని నీకెవరు చెప్పారు? దారినపోయే ప్రతివాడూ నిలబడి చూస్తున్నాడు" అన్నారు. "కెమెరా నాది, ఫిల్ము నాది, కష్టం నాది మాష్టారూ" అన్నాను. ఆయన బాకీ డబ్బు ఆపేశారు, నేను ఆల్బం ఆపేశాను. మూడు నెలలు యిద్దరమూ పంతం పట్టి కూర్చున్నాం. చివరికి నాతోపాటు ఇక్కడే చదివి ప్లీడరైన మిత్రుడు చట్టం పుస్తకం తెరిచి చూపించేసరికి నాకు నోట మాట రాలేదు.

1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త తీసినవాడే. కాని 17వ సెక్షన్‌లో ఒక మెలిక వుంది. ఎవరైనా డబ్బిచ్చి, తాము కోరి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే! వీడియోకీ అంతే. పెళ్ళి ఫోటో అంటే సరిగ్గా అదే కదా. నా అంతట నేను గోదావరి గట్టుకు పోయి తీసుకున్న ఫోటో అయితే నాదే.

షోకేసు ఖాళీ చేశాను. ఆల్బం తీసుకుపోయి యిస్తే మాష్టారు బాకీ లెక్కపెట్టి యిచ్చి, "ఆ పెద్ద ఫోటో ఏదీ? అదికూడా తెచ్చిపెట్టు" అన్నారు.

అయితే మనకేమీ మిగల్లేదనుకోకండి. హక్కు పోయినా కర్తృత్వం పోదు. ఫలానావాడు తీశాడని చెప్పుకునే హక్కు, మన పరువు పోయేలా ఫోటోను వికృతం చేస్తే అడ్డుచెప్పే హక్కు 57వ సెక్షన్ యిస్తుంది. 2012 సవరణ తరువాత ఫోటోకు కాపీరైటు, తీసినవాడి జీవితకాలమూ, ఆపైన మరో 60 ఏళ్ళూ.

అప్పటినుంచి అడ్వాన్సు తీసుకునేముందే ఒక కాగితం రాయించుకుంటున్నాను. తీయించుకుంటున్నది ఎవరు (ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా అన్నచోటే సగం తగాదాలు), ఎన్ని ఫోటోలు, ఆల్బం ఎప్పటికి, రా ఫైళ్ళు యిస్తామా లేదా, నేను ఇంటర్నెట్‌లో పెట్టుకోవచ్చునా. ఈ ఆఖరుదానికి మాత్రం వధూవరులిద్దరి సంతకాలూ వుండాల్సిందే, తండ్రి సంతకం నాకు చాలదు. అనుమతి ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం 5 ఏళ్ళే అనుకుంటుంది; ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. ఇంటర్నెట్‌కు ఎల్లలెక్కడివి? అందుకని అదీ రాస్తాను.

ఇక "తాళి కట్టే ఫోటో ఏదీ?" అనే తగాదా. ఆ నిమిషంలో అక్షతలు చల్లే చుట్టాలంతా కెమెరాకు అడ్డమే. రెండో కెమెరా లేకుండా నేను ముహూర్తానికి వెళ్ళను. 2019 వినియోగదారుల చట్టం కింద వాళ్ళు తమ వూరి జిల్లా కమిషన్‌లోనే రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు బేరమైతే ఫీజు కూడా లేదు. మనకు రావలసిన బాకీకైతే సివిల్ కోర్టు, గడువు మూడేళ్ళు. నేనింతవరకు కోర్టు గుమ్మం ఎక్కలేదు; ఆ కాగితం చూపిస్తే చాలామంది మెత్తబడతారు.

మొన్న ఒక పెళ్ళికూతురు "ఎక్కడా పెట్టొద్దండీ" అని స్వయంగా రాసి సంతకం పెట్టింది. ఈ సీజన్‌లో నేను తీసిన మంచి ఫోటో ఆవిడదే. చూపించమని మాత్రం అడక్కండి.