జ్వరం విడిచిన నాటి పథ్యం

జ్వరం విడిచిన మర్నాడు రోగికి మొదట ఏమి పెట్టాలి? నా వద్దకు వచ్చే గృహిణులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. నేటి అనేక గృహాలలో దీనికి సమాధానం బ్రెడ్డు, పాలు. నేను మాత్రం నలభై ఏళ్లుగా జావ అనే చెబుతున్నాను. అయితే ఆ జావను స్వహస్తాలతో కాచవలసిన అగత్యం నాకు 2019 వర్షాకాలం వరకు కలుగలేదు. చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉన్నా, ఆ సంగతి చెప్పక తప్పదు.

ఆ ఏడు శ్రావణంలో మా ఇంటావిడకు టైఫాయిడ్ వచ్చింది. రక్తపరీక్షలో నిర్ధారణ కాగానే ఆసుపత్రిలో చేర్పించాను. ఇటువంటి జ్వరాలను ఇంట్లో కషాయాలతో నెట్టుకురావడం తగదనీ, యాంటీబయాటిక్ మందులను చెప్పినన్ని రోజులూ వాడి తీరాలనీ నా రోగులకూ చెబుతుంటాను. పది రోజులకు ఇంటికి వచ్చింది. జ్వరం లేదు గానీ, నాలుకకు రుచీ లేదు. అన్నం మాట ఎత్తితే ముఖం తిప్పుకొనేది. పిల్లలు దూరాన ఉన్నారు. వంటింట్లోకి నేనే వెళ్లాను.

శాస్త్రం నాకు కంఠస్థం. బియ్యానికి 14 రెట్ల నీరు పోసి కాచి, మెతుకు లేకుండా వార్చినది మండం. 6 రెట్ల నీటితో కాచినది యవాగువు. 4 రెట్ల నీటితో చిక్కగా ఉడికినది విలేపి. శార్‌ఙ్గధరుడు చెప్పిన లెక్క ఇది. ఆరిన పొయ్యిని తిరిగి రాజేసేటప్పుడు ముందు దుంగను పెట్టము, ఎండుపుల్లలు వేస్తాము. జఠరాగ్ని విషయమూ అంతే. లంఘనం తరువాత యవాగువులతో అగ్నిని క్రమంగా పెంచాలని జ్వరచికిత్సలో చరకుడు నిర్దేశించినది ఇందుకే.

గ్లాసుతో కొలిచి నీళ్లు పోశాను. కాచాను, వార్చాను. స్టీలు గ్లాసులో పోసి, మంచం పక్క బల్లమీద మాత్రల నడుమ పెట్టాను. రెండు గుక్కలు తాగి దించేసింది. మర్నాడు శొంఠి కలిపాను. అదే వరుస. మూడవ నాడు లేచి నిలబడితే కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. నాకు భయం వేసింది. ఆ భయం కోపంగా మారి, “ఇంత చదివి నీకు పథ్యం పెట్టలేకపోతున్నానా?” అని విసుక్కున్నాను. ఆమె ఏమీ అనలేదు.

ఆ రాత్రి గురువుగారి ఇల్లు జ్ఞాపకం వచ్చింది. 1973లో కోనసీమలోని ఆ ఇంట నేను పద్నాలుగేళ్ల విద్యార్థిని. నాకు జ్వరం తగిలి విడిచింది. గురుపత్నిని మేము అమ్మగారూ అని పిలిచేవాళ్లం. ఆవిడ పాత బియ్యాన్నీ, పెసరపప్పునూ మట్టి మూకుడులో కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించి, రోట్లో వేసి రవ్వగా దంచారు. జావ కాచి సైంధవ లవణం, జీలకర్ర, మిరియాలు చిటికెడేసి వేశారు. చివర నాలుగు చుక్కల నేతిలో ఇంగువ తిరగమోత. నన్ను వంటింటి గోడకు చేరగిల బెట్టి పీటమీద కూర్చోబెట్టి, కంచుగిన్నెలో పోసి ఇచ్చారు. వేయించిన బియ్యం, పెసలు, ధనియాలు, త్రికటువు, ఇంగువ, సైంధవాలతో అష్టగుణ మండమని శార్‌ఙ్గధర సంహితలో ఒకటి ఉన్నది. అమ్మగారు ఆ గ్రంథం చదివిన మనిషి కారు. చదివిన నేను దానిని పరీక్షకు వల్లించే శ్లోకంగానే చూశాను.

మర్నాడు ఉదయం ఆవిడ చేసినట్లే చేశాను. నేతిలో ఇంగువ చిటపటలాడగానే వెనుక గదిలోనుండి, “ఏమండీ, ఇంగువ మాడుతోంది, మంట తగ్గించండి” అని వినిపించింది. వంటింటి ధ్యాస ఆమెకు మళ్లడం అన్నాళ్లకు అదే మొదలు. గోడ పట్టుకొని మెల్లగా వచ్చి, గడప దగ్గర పీటమీద కూర్చున్నది. తన కంచుగిన్నెలో పొయ్యమన్నది. ముప్పాతిక వంతు తాగింది. “ఉప్పు చాలలేదు” అన్నది. భోజనం ఇష్టమైన చోట, ఇష్టమైన పాత్రలలో జరగాలన్నది చరకుడు చెప్పిన ఆహారనియమాలలో ఒకటి. అది రాజులకు చెప్పిన మాట అని అనుకుంటూ వచ్చినవాణ్ని నేను.

గిన్నె దించుతూ, “వేడిగా తాగి ఎన్నాళ్లయిందో” అన్నది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

37 ఏళ్ల కాపురం. పన్నెండింటికి నా భోజనం. ఆపైన వచ్చేపోయేవారికి వడ్డన. ఆమె విస్తరి ముందు కూర్చునేసరికి రెండున్నర. చల్లారిన చారు, అడుగున మిగిలిన కూర. వేళకు తినండి, వేడిగా తినండి అని రోజుకు పాతికమందికి చెప్పే వైద్యుణ్ని, మా ఇంట్లో ఆ మాట ఏనాడూ అడగలేదు.

పాఠకులకు కొలత చెబుతాను. వేయించి దంచిన రవ్వ పావు గ్లాసు, నీరు మూడున్నర గ్లాసులు. మొదటిరోజు పైతేట మాత్రమే. తరువాత గ్లాసున్నర నీటితో, ఆకలి నిలిచాక గ్లాసు నీటితో. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే చాలు, మెత్తని పిండి చేస్తే అంటుకుపోతుంది. బియ్యం ఏడాది పాతవైతే తేలికగా అరుగుతాయి. మధుమేహం ఉన్నవారు, ఉప్పు తగ్గించమన్నవారు తమ వైద్యుని అడిగి తీసుకోవాలి. జ్వరం తిరగబెడితే జావతో కాలక్షేపం చేయరాదు.

ఇప్పుడు మధ్యాహ్నం ఇద్దరమూ ఒకేసారి కూర్చుంటున్నాము, గిన్నెలు మధ్యలో పెట్టుకొని. మొదట్లో ఆమె రెండు ముద్దలకొకసారి లేవబోయేది. వైద్యశాలకు వచ్చే స్త్రీలను నాడి చూడకముందే, మీరు అన్నం ఎన్నింటికి తింటారని అడుగుతున్నాను. చాలామంది పక్కనున్న భర్త వైపు ఒకసారి చూసి, నవ్వి, అప్పుడు చెబుతారు. ఆ వేళను చీటీలో మొదటి వరుసలో రాసుకుంటాను.