ఎవరూ వినని పాటను యాప్ ఎలా కనిపెడుతుంది?

పాటల యాప్ తెరవగానే 'మీ కోసం' అంటూ ఒక జాబితా ఎదురవుతుంది. స్పాటిఫై 2015లో మొదలుపెట్టిన 'డిస్కవర్ వీక్లీ' ఇలాంటిదే. పెద్ద సంస్థల అండ లేకుండా సొంతంగా పాటలు విడుదల చేసే కళాకారులకు ఇలాంటి జాబితాలో చోటు దొరికితే కొత్త శ్రోతలు దొరికినట్టే. మరి ఆ చోటును నిర్ణయించేది ఏమిటి?

ఇందుకు వాడే ప్రధాన పద్ధతుల్లో ఒకటి 'కొలాబరేటివ్ ఫిల్టరింగ్'. దానికి రాగం తెలియదు, తాళం తెలియదు. మీరూ, ముఖపరిచయం లేని మరొకరూ 40 పాటలు ఉమ్మడిగా విన్నారనుకోండి. ఆమె విని, మీరు వినని 41వ పాటను యాప్ మీకు సూచిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. నిన్ననే విడుదలైన పాటను ఇంకా ఎవరూ వినలేదు కాబట్టి ఈ లెక్కలో అది లేనట్టే. దీన్నే 'కోల్డ్ స్టార్ట్' సమస్య అంటారు. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం అన్నట్టుంటుంది వ్యవహారం!

కంప్యూటర్‌కు పాటనే 'వినిపించడం' ఒక మార్గం. ఏ క్షణాన ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే చిత్రం స్పెక్ట్రోగ్రామ్. దాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇచ్చి, ఆ పాట ఎవరికి నచ్చవచ్చో ఓ మేరకు ఊహించవచ్చని బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. అయితే స్వరం అందుతుంది గానీ, సాహిత్యంలోని చమత్కారం స్పెక్ట్రోగ్రామ్‌కు అందదు.

పాట బాగుంటే అదే పైకి వస్తుందిలే అనుకుంటాం. శాల్గానిక్, డాడ్స్, వాట్స్ 2006లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈ నమ్మకాన్ని కుదిపింది. పేరు తెలియని బృందాల 48 పాటలను 14 వేలకు పైగా శ్రోతల ముందుంచారు. కొందరికి డౌన్‌లోడ్ల సంఖ్య చూపలేదు. మిగతావారిని ఎనిమిది 'లోకాలు'గా విడదీసి, ఎవరి లోకంలోని సంఖ్యను వారికే చూపారు. ఒక లోకంలో మొదటి స్థానంలో నిలిచిన పాట మరో లోకంలో 40వ స్థానానికి పడిపోయింది. మరీ మంచి పాటలు అట్టడుగుకు చేరడం, మరీ నాసిరకం పాటలు శిఖరానికి ఎక్కడం మాత్రం అరుదు. నడిమి పాటలకే అదృష్టం ఎక్కువగా అవసరమైంది.

ఈ అదృష్టానికి ఇప్పుడు డబ్బు లెక్క కూడా తోడైంది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు 2024 నుంచి స్పాటిఫైలో రాయల్టీ రాదు. పైగా, 30 సెకన్లు నడిస్తేనే అది ఒకసారి విన్నట్టు. కొత్త గొంతుకలు కావాలనుకునే శ్రోత జాబితా కోసం ఎదురుచూడకుండా కళాకారుల పేరుతో వెతకవచ్చు, నచ్చిన పాటను సొంత ప్లేలిస్టులో చేర్చుకోవచ్చు. ఎవరూ వినని పాటకు యాప్ వెతికే తొలి ఆధారం అలాంటి చర్యల్లోనే దొరుకుతుంది.