గది మార్మోగకుండా చూసేదీ డిజైనరే

సామాను చేరని కొత్త ఇంటి హాల్లో మాట మార్మోగుతుంది. నున్నటి టైల్స్, పుట్టీ పెట్టిన గోడలు, గాజు కిటికీలు ధ్వనిని పీల్చుకోవు, తిప్పికొడతాయి. 1895లో అమెరికాలోని హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరానిదీ ఇదే అవస్థ: అన్న మాట దాదాపు 5.5 సెకన్లు వినిపిస్తూనే ఉండేది. భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబీన్ దగ్గర్లోని థియేటర్ సీట్ల మెత్తలు తెప్పించి, రాత్రివేళ కొన్ని కొన్నిగా పరుస్తూ కొలిచారు. గదికి ధ్వనిని పీల్చే శక్తి రెట్టింపైతే మార్మోగే కాలం సగమవుతుందని తేలింది.

ఇంటీరియర్ డిజైనర్ పరదాలు, తివాచీలు, సీలింగ్ పలకలు ఎంచుకోవలసింది ఈ లెక్కతోనే. రంగులు కుదర్చడం అందులో సులువైన భాగం. తరగతి గదిలో మోత 0.6 సెకను దాటితే ఒక అక్షరం మీద ఇంకోటి పడి, వెనక బెంచీ పిల్లలు పాఠం అందుకోలేరు. అందానికి వేసే మామూలు పీఓపీ ఫాల్స్ సీలింగ్ ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. సన్నటి రంధ్రాలుండి, వెనక మినరల్ ఊల్ పరిచిన పలకలు కావాలి.