కాలిఫోర్నియాలో స్పానిషు లోగిలి

1925వ సంవత్సరము జూన్ 29వ తేదీ ఉదయము అమెరికా పశ్చిమతీరమున, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా పట్టణమును పెద్ద భూకంపము కుదిపివైచెను. పదిమందికి పైగా మరణించిరి. ప్రధాన వీథిలోని ఇటుక కట్టడములు పెక్కు నేలగూలెను. ఊరు మరల కట్టుకొనునపుడు అచటి పెద్దలు ఒక పట్టు పట్టిరి: ఇకమీదట లేచు కట్టడములు స్పానిషువారి ఏలుబడినాటి పోలికతో, తెల్లని గోడలతో, ఎఱ్ఱని పెంకులతో ఉండవలెను. పటములను పరిశీలించుటకు ఒక సంఘమునే నియమించిరి. ఈ తలపు భూకంపమునకు ముందే అచట మొలకెత్తినది. కూలిన గోడలు దానికి చోటు కల్పించినవి. నేటికిని ఆ ఊరి నడిబొడ్డున ఇల్లు కట్టదలచినవారు ఈ కట్టుబాటునకు లోబడవలసినదే.

జనులను ఇంతగా ఆకర్షించిన ఈ ఇల్లు ఎట్టిది?

వీథినుండి చూచువారికి అది పెద్దగా ఏమియు చెప్పదు. వెడల్పైన తెల్లని గోడ, అందు లోతుగా పొదిగిన చిన్న కిటికీ, దానికి ఇనుప ఊచల అల్లిక, బరువైన కొయ్య తలుపు. వాలు తక్కువగల కప్పుపై అరగొట్టము వంటి మట్టి పెంకులు. తలుపు దాటి లోనికి పోయినపుడే ఇంటి గుట్టు తెలియును. నడుమ ఆకాశమునకు తెఱచిన ముంగిలి. దానిని పాటియో అందురు. చుట్టును కమానుల వసారా, మధ్య చిన్న ఫౌంటెను, ఒక నారింజ చెట్టు. గదులు దానివైపునకే తెఱచుకొనును. మండువా లోగిలిలో పెరిగినవారికి ఇది వింతగా తోపదు. అయినను పాటియో మన మండువానుండి పుట్టినది కాదు. రోమకుల ఇండ్లనుండియు, స్పెయినును ఏలిన ముసల్మానుల ఇండ్లనుండియు వచ్చినది.

నాటి స్పానిషువారి గోడలు అడోబె అను పచ్చి ఇటుకలవి. మట్టిలో గడ్డి కలిపి, అచ్చుపోసి, ఎండబెట్టి వానిని చేయుదురు. గోడ మందము రెండు మూడు అడుగులు. పగటి ఎండ దానిని దాటి లోనికి చేరుసరికి ప్రొద్దు గ్రుంకును. చల్లని రాత్రివేళ ఆ వెచ్చదనమే సుఖము. వాన తక్కువ, మంచు కురియదు గనుక కప్పునకు ఎక్కువ వాలు అక్కఱలేదు.

ఇరువదవ శతాబ్దిలో కట్టిన ఇండ్లు చాలవఱకు ఇట్టివి కావు. కొయ్య చట్రమునకు తీగవల బిగించి సిమెంటు గచ్చు పూసినవి. కంటికి మందముగా తోచును గాని లోపల డొల్ల. దీనిని మోసమనువారు కలరు. నేను సగమే ఒప్పుకొందును. పచ్చి ఇటుక గోడ భూకంపమునకు పెళుసు; కొయ్య చట్రము ఊగి నిలుచును. అయితే ముంగిలి తీసివేసి, పెంకులు మాత్రము అతికించిన ఇల్లు వేషమే.

1915లో, పనామా కాలువ తెఱచిన సందర్భమున శాండియాగోలో జరిగిన ప్రదర్శనకు బెర్ట్రం గుడ్యూ కల్పించిన భవనములు ఈ శైలిపై మోజు పెంచినవి. దానిని కాపురపు ఇండ్లకు చక్కగా అమర్చినవాడు జార్జి వాషింగ్టన్ స్మిత్. ఆయన చిత్రకారుడు. శాంటా బార్బరా ప్రక్కనున్న మాంటిసీటోలో, దక్షిణ స్పెయినులోని రైతు ఇండ్ల మాదిరిగా తనకొక ఇల్లు కట్టుకొనెను. చూడవచ్చినవారు ఆయన చిత్తరువులకంటె ఆ ఇంటినే ఎక్కువ కోరిరి! అంతట కుంచె విడిచి, 1930లో మరణించువఱకు ఇండ్లు కట్టుచునే యుండెను. నునుపు చేయని గోడపై చెట్టునీడ పడనిచ్చి, తక్కిన అలంకారములను తగ్గించుటే ఆయన నేర్పు.

ఇంతకును వారు తలచుకొన్న ఆ పాతకాలము ఎట్టిది? 1769 మొదలు 1823 వఱకు ఫ్రాన్సిస్కను సన్యాసులు కాలిఫోర్నియాలో 21 మిషనులు స్థాపించిరి. గోడలెత్తినవారు, పెంకులు కాల్చినవారు ఆ నేల ఆదివాసులు. శాంటా బార్బరాలో చుమాషులు. జ్ఞానస్నానము పొందినవారికి మిషను విడిచిపోవు స్వేచ్ఛ లేకుండెను. క్రొత్త వ్యాధులు వేలమందిని బలిగొన్నవి. ఆదివాసుల బాధ చాటుటకే హెలెన్ హంట్ జాక్సన్ 1884లో రమోనా అను నవలను రచించెను. చదువరులలో పెక్కురు ఆ బాధను మఱచి, తోటలను, వసారాలను గుర్తుంచుకొనిరి. ఈ భూమి 1821లో మెక్సికోకును, 1848లో అమెరికాకును దక్కినది. 1920 తరువాత స్పానిషు ఇండ్లు కోరినవారిలో తూర్పునుండి వలసవచ్చిన ఆంగ్లభాషీయులు పెక్కురు. తమకు లేని తాతలనాటి ఇంటిని వారు కట్టించుకొనిరి.

ఆనాటి నిజమైన ఇల్లు చూడదలచినవారికి ఊరి నడుమ కాసా దె లా గెర్రా ఉన్నది. 1820 ప్రాంతమున హోసె దె లా గెర్రా అను సైనికాధికారి దానిని కట్టించెను. ఒకటే అంతస్తు, మూడు వైపుల గదులు, నడుమ ముంగిలి, పొడవైన వసారా. ప్రక్కనే 1920 తరువాత కట్టిన ఎల్ పసేయో అను అంగళ్ల సముదాయము కమానులతో ముచ్చటగా ఉండును. దానిముందు పాత ఇల్లు మిక్కిలి నిరాడంబరము. వసారాలోని నీడ మాత్రము రెంటను ఒకటే.